మూడు వేలలో పాటలు వినడానికి మంచి హెడ్‌ఫోన్స్ ఏవి? సలహా కావాలి

#1 గోదారిగట్టు

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

మెడలో వేసుకునే బ్లూటూత్ నెక్‌బ్యాండ్ ఒకటి పద్నాలుగు నెలలు వాడాను. వారంటీ అయిన రెండో నెలలోనే బ్యాటరీ చతికిలబడింది. ఇప్పుడు ఫుల్ చార్జింగ్ పెడితే నలభై నిమిషాలు వస్తోంది. సర్వీస్ సెంటర్ అబ్బాయి "దీనికి బ్యాటరీ మార్చం సార్, కొత్తది తీసేసుకోండి" అన్నాడు. సరే, ఈసారి పాట పాటలా వినిపించేది ఒకటి చూసి కొందామని మీ దగ్గరికి వచ్చాను.

బడ్జెట్ 3,000. మరీ బాగుంటే 3,500. అది దాటితే ఇంట్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

వినేవి ఎక్కువగా కర్ణాటక సంగీతం (గాత్రం, వీణ), ఘంటసాల గారి కాలం నాటి సినిమా పాటలు, అప్పుడప్పుడు ఇళయరాజా. రాత్రి పదిన్నర తర్వాత గంటన్నర, రెండు గంటలు. ఫోన్‌కి 3.5 జాక్ లేదు, టైప్-సి ఒక్కటే. కళ్ళద్దాలున్నాయి. చెవిలోకి దూర్చేవి పెట్టుకుంటే అరగంటకే నొప్పి మొదలవుతుంది.

ఊరు రాజమండ్రి. ఇక్కడ పెట్టుకుని విని చూసే షాపులు నాకైతే కనబడలేదు, డబ్బాలు చూపించి అమ్మేవే.

#2 బేస్‌బాబు

బ్రో, ఈ రోజుల్లో వైరు ఎవరు వాడుతున్నారు? 2,500లో ఓవర్ ఇయర్ బ్లూటూత్ తీసుకో. 40 ఎంఎం డ్రైవర్ (లోపలి స్పీకర్), నాయిస్ క్యాన్సిలింగ్, యాభై అరవై గంటల బ్యాటరీ. బేస్ అదిరిపోద్ది. నేను రోజూ బస్సులో వాడతాను, పక్కవాడు అరిచినా వినపడదు.

#3 పాతరేడియో

గోదారిగట్టు గారూ, స్వాగతం. నలభై ఏళ్ళుగా రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసిన చేయి నాది. కాబట్టి కాస్త వైరు పక్షపాతం ఉంటుంది, ముందే ఒప్పుకుంటున్నా.

రెండున్నర వేల బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో ఏమేం ఉంటాయో లెక్కేయండి. బ్యాటరీ, చార్జింగ్ సర్క్యూట్, బ్లూటూత్ చిప్, నాయిస్ తగ్గించడానికి విడిగా మైకులు, పైన 18 శాతం జీఎస్టీ. ఇవన్నీ పోగా పాట వినిపించే స్పీకరుకి మిగిలేది ఎంత? అదే డబ్బు వైరుదానికి పెడితే దాదాపు అంతా స్పీకరుకీ, దాని డబ్బాకీ, చెవి మెత్తలకీ పోతుంది. పైగా బ్యాటరీ లేని వస్తువు బ్యాటరీ పోయి చావదు. మీ నెక్‌బ్యాండ్‌లో స్పీకర్లు ఇప్పటికీ బతికే ఉండి ఉంటాయి, చచ్చింది బ్యాటరీ.

ఇంకోటి. డబ్బా మీద "20 – 20,000 హెర్ట్జ్" అని రాసి ఉంటే మురిసిపోకండి. ఆ పరిధిలో ఎక్కడ ఎన్ని డెసిబెల్స్ ఎక్కువో, ఎక్కడ ఎన్ని తక్కువో చెప్పకపోతే ఆ అంకెకి విలువ లేదు. మూడు వందల ఇయర్‌ఫోన్ మీదా అదే రాస్తారు, ముప్పై వేలదాని మీదా అదే రాస్తారు. 40 ఎంఎం డ్రైవరూ అంతే. పళ్ళెం పెద్దదైతే కూర బాగుంటుందని లేదుగా.

మీరు వినేది ఎక్కడ, ఎలాంటి గదిలో? అది చెప్పలేదు.

#4 కోఠి_కుర్రాడు

పాతరేడియో తాతకి దండాలు. వైరు విషయంలో నేను కూడా ఆయన పార్టీనే.

అన్నా, ఈ ధరలో సౌండ్ ఒక్కటే చూస్తే ఇప్పుడు చెవిలో పెట్టుకునే వైర్డ్ ఐఈఎంలని కొట్టేవి లేవు. సెవెన్ హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో, మూన్‌డ్రాప్ చు 2. రెండూ రెండు వేలకి అటూ ఇటూ దొరుకుతాయి. పదేళ్ళ కిందట ఈ బ్యాలెన్స్ కావాలంటే ఎన్నో రెట్లు పెట్టాల్సి వచ్చేది.

ఎందుకంటే ఎలాంటి సౌండ్ ఎక్కువమందికి నచ్చుతుందో ఇప్పుడు ఒక అంచనా ఉంది. హర్మన్ కంపెనీలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ 2013 ప్రాంతంలో మొదలుపెట్టి జనానికి రకరకాల ట్యూనింగ్‌లు వినిపించి చూశారు. మంచి గదిలో మంచి స్పీకర్లు ఎలా వినిపిస్తాయో దానికి దగ్గరగా ఉన్నదే ఎక్కువమందికి నచ్చింది. హర్మన్ కర్వ్ అంటే అదే. చైనా కంపెనీలు ఆ గీత ముందు పెట్టుకుని చవకలో కొడుతున్నాయి.

నొప్పి గురించి ఒక మాట. చాలామంది డబ్బాలోంచి తీసినప్పుడు ఉన్న మీడియం రబ్బరు టిప్స్‌తోనే జీవితం వెళ్ళదీస్తారు. ఒక చెవికి చిన్నది, ఇంకో చెవికి మీడియం పట్టేవాళ్ళు ఉంటారు, నేనూ అంతే. టిప్ సరిగ్గా సీల్ కాకపోతే మొదట పోయేది బేస్. అప్పుడు "ఇది డొల్లగా ఉంది" అని దాన్ని తిడతాం. తప్పు దానిది కాదు, రబ్బరుది.

#5 గోదారిగట్టు

@కోఠి_కుర్రాడు తమ్ముడూ, నువ్వు చెప్పాక సొరుగు వెతికితే పాత ఫోన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్, దాంతోపాటు కవర్లో చిన్న టిప్స్ దొరికాయి. మా నాన్నగారి ఫోన్‌కి జాక్ ఉంది, దానికి పెట్టి చూశాను. కుడి చెవికి చిన్నది వేస్తే నిజంగానే నొప్పి తగ్గింది, బేస్ కూడా వచ్చింది. ఇన్నేళ్ళూ తెలియలేదు. కానీ నలభై నిమిషాలకి చెవిలో చెమట, దురద. అది నా తత్వం అనుకుంటా.

@పాతరేడియో గారూ, పడకగదిలోనే, మంచం పక్కన కుర్చీలో కూర్చుని వింటాను. ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది.

#6 శ్రుతిబాక్సు

నేను పదేళ్ళుగా మృదంగం నేర్చుకుంటున్నాను. సాధన రికార్డు చేసుకుని వినడానికి ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం20ఎక్స్ వాడుతున్నాను. మీ బడ్జెట్ కాస్త దాటుతుంది, ఆఫర్లు చూసుకోవాలి. చెవి మొత్తం కప్పేస్తుంది, వెనక మూసి ఉంటుంది, కాబట్టి ఫ్యాన్ చప్పుడు కొంత తగ్గుతుంది.

కర్ణాటక సంగీతానికి ఏం చూసుకోవాలో నాకు తెలిసింది చెప్తాను. మొదట తంబురా. మంచి హెడ్‌ఫోన్‌లో తంబురా నాలుగు తీగలు వేరువేరుగా మీటినట్టు తెలుస్తుంది, ఒక్కోదాని ఝంకారం మెల్లగా విచ్చుకుంటుంది. చెత్తదాంట్లో అదంతా కలిసిపోయి ఫ్రిజ్ మోతలా ఉంటుంది. రెండు, మృదంగం ఎడమ వైపు. తొప్పి మీద గుమికీ అనే దెబ్బ ఇస్తే సౌండ్ వంగి జారాలి. బేస్ ఊరికే పెంచిన హెడ్‌ఫోన్‌లో ఆ జారుడు వినపడదు, "దబ్" అని ఒకటే గుద్దు. మూడు, వీణ. మెట్టు మీద వేలు జరిగేటప్పుడు వచ్చే చిన్న రాపిడి వినపడాలి, కానీ అదే ముందుకొచ్చి చెవిలో గీయకూడదు.

ఎం20ఎక్స్‌లో మధ్య స్వరాలు బాగుంటాయి, గాత్రం దగ్గరగా ఉంటుంది. పై కొస కొంచెం మందం. వైరు మూడు మీటర్లు, ఎడమ కప్పు నుంచి వస్తుంది, ఊడదీసి మార్చుకునే వీలు లేదు. నేను దాన్ని నాలుగు చుట్లు చుట్టి రబ్బరు బ్యాండ్ వేసుకున్నాను.

#7 బేస్‌బాబు

ఎం20ఎక్స్ మా రూమ్మేట్ దగ్గర విన్నాను. అసలు బేసే లేదు. వార్తలు వినడానికి బాగుంటది అంతే. పైగా హెడ్‌ఫోన్ ఏదైనా కొత్తలో వంద గంటలు పాటలు పెట్టి వదిలేయాలి, అప్పుడే ఓపెన్ అవుతుంది. ఆ మాట ఎవరూ చెప్పట్లేదు ఇక్కడ.

#8 పాతరేడియో

> కొత్తలో వంద గంటలు పాటలు పెట్టి వదిలేయాలి

బాబూ, రాత్రంతా హెడ్‌ఫోన్‌కి పాట పెట్టి మనం పడుకుంటే పొద్దున్నకి మారేది కరెంటు మీటరు ఒక్కటే. మెత్తలు తల ఆకారానికి కాస్త అణుగుతాయి, అది నిజం. అణిగితే చెవికి స్పీకరు దగ్గరవుతుంది, సీల్ మెరుగవుతుంది, బేస్ కొంచెం మారుతుంది. మిగతాదంతా మన చెవి అలవాటు పడటమే. కొత్త చెప్పులు కరిచి వారానికి మెత్తబడితే చెప్పు గొప్పతనం ఎంతో, పాదం ఓర్పు ఎంతో ఎవరు చెప్తారు?

#9 బేస్‌బాబు

పెద్దాయనా, మీరు మీ కాలంలోనే ఉండిపోండి. మేం వినేది మృదంగం కాదు.

#10 నిర్వాహకుడు

ఇద్దరూ కాస్త తగ్గండి. అడిగినాయన వినేది మాత్రం మృదంగమే. దాని గురించి రాయండి.

#11 డాలస్‌దమయంతి

నేను ఆలస్యంగా చూశాను. మా వాళ్ళు ఎవరు ఇండియా వెళ్తున్నా నా చేత పంపించేది ఒకటే: కాస్ కేఎస్‌సీ75. ఇక్కడ ఇరవై డాలర్లు. చెవికి కొక్కెంలా తగిలించుకునేది, తల మీద పట్టీ ఉండదు. చూడ్డానికి పాతకాలం వాక్‌మన్ సామానులా ఉంటుంది, వినడానికి మాత్రం ధరకి మించినది. మా అన్నయ్య మొదట డబ్బా చూసి "అమెరికా నుంచి తెచ్చేది ఇదా" అన్నాడు. తర్వాత తిరిగి ఇవ్వలేదు.

బేస్ అదరదు. గాత్రానికి మాత్రం బాగుంటుంది.

#12 గోదారిగట్టు

చిన్న అప్‌డేట్. ఏదైనా వైర్డే కొంటాను కదా అని ముందుగా ఊళ్ళో ఒక సెల్ షాపులో టైప్-సి నుంచి 3.5కి మార్చే కన్వర్టర్ 120 రూపాయలకి కొన్నాను. పెట్టి చూస్తే పాట ఫోన్ స్పీకర్‌లోంచే వస్తోంది. షాపుకి తీసుకెళ్తే ఆయన ఫోన్‌కి పెట్టి చూపించాడు, శుభ్రంగా పనిచేసింది! నా ఫోన్ పాడైందా అని టెన్షన్ పట్టుకుంది.

#13 కోఠి_కుర్రాడు

ఫోన్‌కి ఏం కాలేదన్నా. కన్వర్టర్లు రెండు రకాలు. ఒకదాంట్లో ఉత్త తీగలే ఉంటాయి. అది పనిచేయాలంటే ఫోన్ తనే లోపల అనలాగ్ సౌండ్ తయారుచేసి టైప్-సి గుండా పంపాలి. కొన్ని ఫోన్లు పంపుతాయి, ఆ షాపాయన ఫోన్ అలాంటిదన్నమాట. మీది పంపదు. అలాంటి ఫోన్‌కి కన్వర్టర్‌లోనే చిప్ ఉండాలి, డిజిటల్‌ని అనలాగ్ చేసే డాక్. కొనేటప్పుడు "డాక్ ఉందా" అని అడగండి. చిప్ ఉన్నవి ఐదారు వందల నుంచి దొరుకుతాయి. చిప్ ఉన్నది ఏ టైప్-సి ఫోన్‌కైనా దాదాపుగా పడుతుంది.

యాపిల్ వాళ్ళ టైప్-సి డాంగుల్ (ఇలాంటి చిప్ కన్వర్టరే) చిన్నదే అయినా సౌండ్ చాలా శుభ్రం. కాకపోతే కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకి పెడితే సౌండ్ బాగా తక్కువగా వస్తుంది. మీ మోడల్‌కి ఎవరైనా వాడారేమో కనుక్కుని తీసుకోండి.

అంటే మీ 3,000లో ఐదారు వందలు దీనికి తీసి పక్కన పెట్టాలి. దీన్ని ముందే లెక్కలో వేసుకోవాల్సింది, మా ఎవరికీ తట్టలేదు.

#14 శ్రుతిబాక్సు

డాంగుల్ మాట వచ్చింది కాబట్టి ఇంపీడెన్స్ గురించి, అంటే కరెంటుకి హెడ్‌ఫోన్ ఎంత అడ్డుపడుతుందో ఓమ్స్‌లో చెప్పే లెక్క. ఎం20ఎక్స్ 47 ఓమ్స్, చిప్ ఉన్న డాంగుల్‌తో హాయిగా మోగుతుంది. పెద్ద స్టూడియో హెడ్‌ఫోన్లు 250, 300 ఓమ్స్‌వి ఉంటాయి, వాటి జోలికి ఫోన్‌తో వెళ్ళొద్దు. కానీ ఓమ్స్ ఒక్కటే చూసినా సరిపోదు, సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కరెంటుకి ఎంత గట్టిగా మోగుతుందో, అది కూడా చూడాలి. ఇక్కడో చిక్కుంది. కొందరు ఒక మిల్లీవాట్‌కి ఇన్ని డెసిబెల్స్ అని రాస్తారు, కొందరు ఒక వోల్ట్‌కి ఇన్ని అని రాస్తారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి "ఇది 110, అది 96, ఇదే గట్టిది" అనుకోకూడదు. ఒకటి శేర్ల లెక్క, ఇంకొకటి కిలోల లెక్క.

#15 గోదారిగట్టు

అందరికీ థాంక్స్. దాదాపు ఎం20ఎక్స్‌కి ఫిక్స్ అయ్యాను. మా ఆవిడకి చూపిస్తే ఒకటే మాట అంది: "ఇవి పెట్టుకుంటే పిల్ల ఏడిస్తే నీకు వినపడుతుందా?"

ఇది ముందే రాయాల్సింది. మా పాపకి ఎనిమిదో నెల. ఉయ్యాల అదే గదిలో, నా కుర్చీకి రెండు గజాల దూరంలో. తను పగలంతా పాపతోనే ఉంటుంది కాబట్టి రాత్రి పన్నెండు దాకా డ్యూటీ నాది. నేను పాటలు వినేది ఆ డ్యూటీ టైంలోనే.

#16 పాతరేడియో

నాయనా! రోగం పదిహేనో పోస్టులో చెప్తే వైద్యం ఎలా?

#17 కోఠి_కుర్రాడు

😂😂 ఐఈఎం కొనుంటే వదిన ఇంట్లోకి రానిచ్చేది కాదు.

#18 శ్రుతిబాక్సు

అయితే నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ఎం20ఎక్స్ వద్దు. మూసి ఉన్నది ఏదీ వద్దు. నేను అవి పెట్టుకుంటే మా అమ్మ మూడుసార్లు పిలిచినా వినపడదు, నాలుగోసారి చెంచా విసురుతుంది.

మీకు కావాల్సింది ఓపెన్ రకం. వెనక జల్లెడలా తెరిచి ఉంటుంది కాబట్టి గదిలో చప్పుళ్ళు లోపలికి వస్తాయి. పాట కూడా కొంచెం బయటికి పోతుంది. గాత్రం తలలో ఇరుక్కున్నట్టు కాకుండా కాస్త గాలి ఆడినట్టు ఉంటుంది, కచేరీలకి ఇది నిజంగా ప్లస్సే. సగం తెరిచినవాటిలో సూపర్‌లక్స్ హెచ్‌డీ 681 మీ ధరలో వస్తుంది, 32 ఓమ్స్, పెద్దది. కానీ దాని పై స్వరాలు పదును. మీరు పాత పాటలు వింటానన్నారు, ఆ రికార్డుల్లో సహజంగానే ఉండే "స్స్" శబ్దం దాంట్లో పాట కంటే ముందు వినిపిస్తుంది.

ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500 పూర్తి ఓపెన్, చాలా బాగుంటుంది, కానీ మీ సంజాయిషీ గీత దాటిపోతుంది.

#19 డాలస్‌దమయంతి

ఇప్పుడు నా కాస్ మాట అందరికీ గుర్తొస్తుంది చూడండి 🙂

కాకపోతే కళ్ళద్దాలున్నాయన్నారు. కేఎస్‌సీ75 కొక్కెం, కళ్ళద్దాల కాడ రెండూ ఒకే చెవి వెనక సర్దుకోవాలి. ముందు కొక్కెం తగిలించి, దాని మీదుగా కళ్ళద్దాలు పెట్టుకుంటే కుదురుతుంది, కానీ గంట తర్వాత చెవి పైన ఒత్తుతుంది. దాని బదులు అదే కంపెనీ పోర్టా ప్రో చూడండి. 1984 నుంచి దాదాపు అదే ఆకారంలో వస్తోంది. తల మీద సన్నటి ఉక్కు పట్టీ, చెవి మీద ఫోమ్ బిళ్ళలు. చెవికి కొంచెం పైన, కణతల దగ్గర ఇంకో చిన్న మెత్త ఉంటుంది, ఒత్తిడి కొంత అది మోస్తుంది. మూడు మెట్లలో బిగువు మార్చుకోవచ్చు. 60 ఓమ్స్ అయినా ఫోన్ డాంగుల్‌తో సులువుగా మోగుతుంది.

సౌండ్ తేడా ఏంటంటే కేఎస్‌సీ75 కాస్త తేటగా ఉంటుంది. పోర్టా ప్రో వెచ్చగా, కింది స్వరాలు నిండుగా ఉంటాయి. పాత పాటల హిస్ దాంట్లో తక్కువ గుచ్చుతుంది.

#20 పాతరేడియో

దమయంతి గారి మాటే నా మాట. పాత పాటల గురించి ఇంకొంచెం చెప్తాను.

ఆ రోజుల పాటలు మోనోలో రికార్డైనవి. రెండు చెవులకీ అదే శబ్దం వెళ్తుంది కాబట్టి హెడ్‌ఫోన్ ఎంత ఖరీదైనదైనా పాట నెత్తి మధ్యలోనే ఉంటుంది. కొత్తవాళ్ళు అది హెడ్‌ఫోన్ లోపం అనుకుంటారు. తర్వాత కొందరు వాటికి ఎకో కలిపి, ఎడమకీ కుడికీ చీల్చి "స్టీరియో" అని వదిలారు. వాటిని వినకండి, ఘంటసాల గారు బావిలోంచి పాడుతున్నట్టు ఉంటుంది. అసలు మోనో ఎక్కించినవి వెతుక్కోండి. చిన్నప్పుడు పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని విన్నవాళ్ళకి తెలుసు, ఒక్క స్పీకరు చాలు గొంతు గొంతులా వినిపించడానికి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఓపెన్ రకంలో ఫ్యాన్ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. దాన్ని దాటడానికి మనకి తెలియకుండానే సౌండ్ పెంచుతాం. ఫ్యాన్ ఒక పాయింటు తగ్గించి, అప్పుడు సౌండ్ పెట్టుకుని, మళ్ళీ ముట్టుకోకండి.

#21 రాత్రిడ్యూటీ

నేను నర్సుగా పనిచేస్తాను, చెవి విభాగంలో కొన్నాళ్ళు ఉన్నాను. పెద్దాయన చెప్పినదానికి అంకెలు కలుపుతున్నా. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే లెక్క 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమైపోతుంది. 83కి 20 గంటలు. 90కి వస్తే వారం మొత్తానికి నాలుగు గంటలే. అంటే రోజూ రెండు గంటలు వినేవాళ్ళకి రెండు రోజుల్లో కోటా అయిపోయినట్టు. హెడ్‌ఫోన్ తీశాక చెవిలో "గుయ్" మంటే అప్పటికే ఎక్కువైందని.

బస్సులో వినే బేస్‌బాబు తమ్ముడికి కూడా ఇది వర్తిస్తుంది. నిజానికి బస్సులో నాయిస్ క్యాన్సిలింగ్ మంచిదే, సౌండ్ పెంచాల్సిన అవసరం తగ్గుతుంది.

#22 బేస్‌బాబు

థాంక్యూ అక్కా. ఒక్కరైనా నా సైడ్ మాట్లాడారు.

#23 కోఠి_కుర్రాడు

కొనేముందు రెండు ముక్కలు. వీలైతే హైదరాబాద్ వచ్చినప్పుడు ఎక్కడైనా పెట్టుకుని వినండి. వినేటప్పుడు షాపువాడు పెట్టే డెమో పాట కాదు, మీకు కంఠతా వచ్చిన పాట మీ ఫోన్‌లోంచి పెట్టండి. రెండు హెడ్‌ఫోన్లు పోల్చేటప్పుడు రెండిటి సౌండూ చెవికి ఒకేలా వచ్చేదాకా సర్దండి. కొంచెం గట్టిగా మోగేదే "క్లియర్‌గా ఉంది" అనిపిస్తుంది, అది చెవి చేసే మోసం. అమ్మేవాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు.

రెండు, నకిలీలు. నేను ఒకసారి సగం ధరకి వస్తోందని ఒక షాపులో పేరున్న హెడ్‌ఫోన్ తీసుకున్నా. ఇంటికొచ్చి చూస్తే డబ్బా మీద కంపెనీ పేరులో ఒక అక్షరం ఎక్కువ ఉంది. పాట పెడితే పక్కింట్లో టీవీ వింటున్నట్టు ఉంది. బిల్లు ఇవ్వలేదు, తిరిగి తీసుకోలేదు. బిల్లు, ఇండియా వారంటీ లేకుండా తీసుకోకండి.

కొన్నాక ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ అనే యాప్ వేసుకోండి. అందులో వేల మోడళ్ళకి సరిచేసే ఈక్వలైజర్ సెట్టింగులు రెడీగా ఉంటాయి. మీ మోడల్ పేరు వెతికి ఆన్ చేస్తే చాలు. నచ్చకపోతే తీసేయొచ్చు, పైసా ఖర్చు లేదు.

#24 గోదారిగట్టు (మూడు వారాల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి. పాపకి జ్వరం, తర్వాత నాకు.

పోర్టా ప్రో వచ్చి పది రోజులైంది. చిప్ ఉన్న డాంగుల్‌తో కలిపి 3,500 గీత కొంచెం దాటింది. సంజాయిషీ ఇచ్చుకున్నాను. పాప పేరు చెప్తే కేసు కొట్టేశారు.

ముందు తిట్టాల్సినవి. ఆ ఉక్కు పట్టీ ఒకదాంట్లో ఒకటి జారే రకం. తీసేటప్పుడు వెంట్రుకలు ఇరుక్కుని పీకుతుంది. రోజుకి రెండు మూడు సమర్పించుకుంటున్నా, నాకున్నవే తక్కువ. రెండు చేతులతో వెడల్పుగా లాగి పైకి తీస్తే పీకదని ఐదో రోజు తెలిసింది. వైరు చిన్నది, కుర్చీలో సరిపోతుంది కానీ ఫోన్ చార్జింగ్‌లో పెట్టి వినలేను, ఉన్న ఒక్క టైప్-సి కన్నం డాంగుల్ తినేసింది.

ఇక సౌండ్. మొదటి రాత్రి ఓ వీణ కచేరీ పెట్టాను. ఇన్నేళ్ళుగా వింటున్న రికార్డే. ఆలాపన మధ్యలో కళాకారుడు తాళం తీగలు చిటికెన వేలితో మెల్లగా తాకి వదిలేస్తాడు, అది నెక్‌బ్యాండ్‌లో ఎప్పుడూ వినలేదు. మంద్రంలో తీగ వంచినప్పుడు గుమ్మటంలా నిండుగా ఉంది. శ్రుతిబాక్సు గారు చెప్పిన తంబురా పరీక్ష చేశాను, నాలుగు తీగలూ లెక్కపెట్టగలిగాను. మృదంగం తొప్పి మాత్రం కొంచెం ఉబ్బినట్టుంది. వేవ్‌లెట్‌లో ఆ సెట్టింగ్ పెడితే తగ్గింది. కానీ పాత పాటలకి ఉబ్బు ఉంటేనే నాకు బాగుంది, అందుకని వాటికి తీసేస్తున్నా.

లీకేజీ పరీక్ష మా ఆవిడ చేసింది. ఉయ్యాల దగ్గర కూర్చుని, నేను మామూలుగా వినే సౌండ్‌లో పాట పెట్టమంది. ఫ్యాన్ రెండులో ఉంటే తనకి ఏమీ వినపడలేదు. ఫ్యాన్ ఆపితే "దోమలు పాడుతున్నట్టు ఉంది" అంది. నాకు అడ్డం అనుకున్న ఫ్యానే పాపకి అడ్డుగోడ అయింది.

పాప ఏడుపు దాకా ఎందుకు, ఉయ్యాల గొలుసు కిర్రుమన్నా వినిపిస్తోంది. నిన్న పల్లవి ఎత్తుకునే చోట కిర్రుమంది, లేచి చూస్తే కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది.

#25 పాతరేడియో

శుభం. ఆ ఫోమ్ బిళ్ళలు మన చెమటకి ఏడాది, ఏడాదిన్నరకి పొడి రాలతాయి. కంగారుపడకండి, విడిగా దొరుకుతాయి. తొడిగేటప్పుడు అంచు గట్టిగా లాగితే చిరుగుతుంది. ఒక పక్క గాడిలో పెట్టి, బొటనవేలితో చుట్టూ తిప్పుకుంటూ రండి.

వైరు పిన్ దగ్గర తెగితే పారేయొద్దు. రెండు అంగుళాలు కోసేసి కొత్త పిన్ వేసుకోవచ్చు. లోపల తీగల మీద సన్నటి రంగు పూత ఉంటుంది, సాధారణంగా ఎరుపు కుడిది, ఆకుపచ్చో నీలమో ఎడమది, రాగి రంగుది ఎర్త్. ఆ పూత కాల్చకుండా టంకం పెడితే అంటదు. చాలామంది అక్కడే ఓడిపోయి పారేస్తారు. అగ్గిపుల్ల మంట చూపించి, మసి తుడిచి, అప్పుడు టంకం పెట్టండి.

#26 డాలస్‌దమయంతి

డిసెంబరులో మా అన్నయ్య వాళ్ళు రాజమండ్రి మీదుగానే వెళ్తున్నారు. ఫోమ్ రెండు జతలు పంపనా?

#27 గోదారిగట్టు

పంపండి దమయంతి గారూ, డబ్బులు మాత్రం తీసుకోవాలి. నాలుగు జతలైతే ఇంకా మంచిది. పాప పాకడం మొదలుపెట్టింది, నిన్న ఎడమ వైపు బిళ్ళ నోట్లో పెట్టుకుంది.